గేటు దగ్గరి కెమెరా, హాల్లోని పాట

(విజయవాడ మొగల్రాజపురంలో అపార్ట్‌మెంటు నివాసులకూ, కెమెరాలు బిగించే యువకులకూ కలిపి ఏర్పాటు చేసిన సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో మా దగ్గరి బంధువుల ఇంటి విషయంతో మొదలుపెడతాను. ఆ ఇంటి పెద్దమ్మగారికి తెల్లవారుజామునే లేచి, పూజ ముగించుకుని, ఆరింటికల్లా హాల్లో కూర్చుని త్యాగరాజ కీర్తనలు వినడం ఏళ్ల నాటి అలవాటు. ఫోనులోని పాటను బ్లూటూత్ మీద సౌండ్‌బార్ అనే పొడవాటి స్పీకరుకు కలిపే పని ఆవిడ తనంతట తాను నేర్చుకున్నారు. ఆరు నుంచి ఆరున్నర వరకు పాట హాయిగా సాగేది. ఆరున్నర దాటిందంటే తెగి తెగి వినపడేది. ఎనిమిదిన్నర తరువాత ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ బాగుపడేది. సౌండ్‌బార్‌లో లోపమని ఒకరు, ఫోను పాతబడిందని మరొకరు చెప్పగా కొడుకు రెండూ మార్చి చూశాడు. ఏమీ తేడా రాలేదు. "నా చెవులే చెడ్డాయేమో నాయనా" అని ఆవిడ నాతో అన్నప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. ముప్ఫై ఏళ్లుగా కమ్యూనికేషన్ ఇంజనీరింగు పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఇంట్లో ఒక పాట ఎందుకు ఆగిపోతోందో చెప్పలేకపోతే ఆ చదువు దేనికి?

మర్నాడు ఉదయం ఒక కాగితం, పెన్ను పట్టుకుని ఆ హాల్లోనే కూర్చున్నాను. పాట తెగిన ప్రతిసారీ గడియారం చూసి నిమిషం రాసుకున్నాను, అదే క్షణంలో కిటికీ బయట ఏం జరుగుతోందో దాని పక్కనే రాసుకున్నాను. 6.34కు పాలు పోసే అతను గేటు తీశాడు. 6.41కి పేపరు వేసే కుర్రవాడి సైకిలు ఆగింది. 6.58కి ఎదురింటి అమ్మాయి వాకిట్లో నీళ్లు చల్లింది. 7.20 నుంచి స్కూలు ఆటోలు మొదలయ్యాయి, ఇక పాటకు తెరిపే లేదు. కాగితం మీద రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. మూడు నెలల క్రితం గేటు స్తంభానికి ఒక వైఫై కెమెరా బిగించారు. ఎదుట కదలిక కనిపించినప్పుడు మాత్రమే రికార్డు చేసి పంపే రకం అది. వీధి కదిలితే కెమెరా మాట్లాడుతోంది, కెమెరా మాట్లాడితే పాట ఆగుతోంది.

అందుకే ఈ సభలో ఉన్న బిగింపు పని చేసే తమ్ముళ్లను నేను మొదటగా కోరేది ఒక్కటే. ఏ ఇంటికి వెళ్లినా స్క్రూ డ్రైవరు తీసే ముందు, ఏ వేళ చెడుతోంది, ఏ వేళ బాగుంటోంది అని ఇంటివారిని అడగండి. వస్తువు మార్చడం కంటే వేళ తెలుసుకోవడం చాలా చౌక, చాలా సందర్భాల్లో అదే సగం వైద్యం.

ఇప్పుడు కారణంలోకి వెళదాం. మన ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. మీడియం వేవ్ మీద 837 కిలోహెర్ట్జ్ అనే స్థానం దానికి కేటాయించినది, ఈ ప్రాంతంలో మరొకరు అక్కడ ప్రసారం చేయడానికి వీల్లేదు. ఇళ్లలో మనం వాడే వైర్‌లెస్ వస్తువులకు అలాంటి సొంత స్థానం లేదు. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న 83.5 మెగాహెర్ట్జ్ వెడల్పును లైసెన్సు లేకుండా ఎవరైనా తక్కువ శక్తితో వాడుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో నిబంధనలు ఇచ్చింది. ఊరి ఉమ్మడి చెరువు లాంటిది ఇది. ఇతరులకు అంతరాయం కలిగించకూడదు, ఇతరుల వల్ల అంతరాయం కలిగితే రక్షణ కోరే హక్కూ లేదు అన్నవి అందులోని షరతులు. వైఫై రౌటర్లు, బ్లూటూత్ స్పీకర్లు, ధర తక్కువైన కెమెరాలలో ఎక్కువ భాగం, వైర్‌లెస్ కాలింగ్ బెల్లులు కొన్ని, చివరికి వంటింట్లోని మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ చెరువులోనే దిగుతాయి. ఓవెన్ మాట్లాడాలని మాట్లాడదు. దాని లోపలి వేడిమి తరంగం 2450 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండటం వల్ల, తలుపు సందుల్లోంచి కొద్దిగా కారినా పక్కనున్న రేడియోలకు అది గట్టి అరుపే.

ఒకే చోట ఇందరు ఉన్నప్పుడు ఒక్కొక్కరి నడవడిక ఒక్కో రకం. వైఫై ముందు వింటుంది, ఎవరూ మాట్లాడటం లేదని తేలాకే మాట్లాడుతుంది. బ్లూటూత్ ఒక చోట నిలవదు. 1 మెగాహెర్ట్జ్ చొప్పున 79 మెట్లు చేసుకుని సెకనుకు 1600 సార్లు ఒక మెట్టు మీద నుంచి మరో మెట్టుకు గెంతుతుంది. ఇలా గెంతే ఆలోచన చాలా పాతది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హెడీ లమార్ అనే సినీనటి, జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడు కలిసి, శత్రువులు టార్పెడోను దారి తప్పించకుండా ఉండటానికి పియానో మెట్ల సంఖ్యకు సరిపోయేలా 88 స్థానాల మధ్య గెంతే పద్ధతి రూపొందించి, 1942 ఆగస్టు 11న అమెరికాలో పేటెంటు పొందారు. ఒక వాద్యకారుడి బుర్రలో పుట్టిన ఆలోచనకు దగ్గరి చుట్టమైన పద్ధతి మీదే ఇప్పుడు మన ఇంట్లో పాట ప్రయాణిస్తోందంటే నాకు ఎప్పుడూ ఎంతో సంతోషంగా ఉంటుంది. 2003లో వచ్చిన బ్లూటూత్ 1.2 నుంచి దీనికి మరో తెలివి కలిసింది. ఏ మెట్ల మీద రద్దీ ఉందో గమనించి, వాటిని వదిలి మిగతావాటి మీదే గెంతుతుంది.

అలాంటప్పుడు బ్రాడీపేట ఇంట్లో పాట ఎందుకు తెగింది? ఇక్కడ మనలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. కెమెరా శక్తి ఎక్కువ కాబట్టి స్పీకరును అణచివేస్తోందని అనుకుంటారు. చాలా ఇళ్లలో గొడవ శక్తి దగ్గర లేదు, కాలం దగ్గర ఉంది. రౌటర్‌కు దగ్గరగా, సిగ్నల్ బాగా అందే చోట ఉన్న మామూలు కెమెరా సెకనుకు 65 మెగాబిట్ల వేగంతో మాట్లాడగలదు. అదే కెమెరా దూరంగా, గోడల చాటున ఉంటే సిగ్నల్ బలహీనపడి, స్పష్టంగా వినపడటం కోసం వేగం తగ్గించుకుంటూ 6.5 మెగాబిట్ల దాకా దిగుతుంది. పంపవలసిన బొమ్మ మాత్రం తగ్గదు. 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు సుమారు 2 మెగాబిట్లు పంపాలనుకుంటే, దగ్గరున్నప్పుడు గాలిలో కాలాన్ని నూటికి మూడు వంతులు తీసుకునేది, దూరమైతే ముప్ఫై వంతులు తీసుకుంటుంది. చేరని ముక్కలను మళ్లీ మళ్లీ పంపడం దీనికి అదనం. సరిగా వినపడని పెద్దవారికి చిరునామా ఒక్కొక్క అక్షరం సాగదీసి చెబుతున్నప్పుడు, వెనుక వరుసలో ఉన్నవారు ఎంతసేపు నిలబడాలో ఆలోచించండి.

బ్రాడీపేట ఇంట్లో రౌటర్ ఎక్కడుందో చెబితే మీకు మిగతాది అర్థమవుతుంది. పడకగదిలో ఇనుప బీరువా మీద, పైకప్పుకు ఆనుకుని, పాత పెట్టెల వెనుక ఉంది. గేటుకూ దానికీ మధ్య బీరువా పక్క, ఒక తొమ్మిదంగుళాల గోడ, ఒక నాలుగున్నర అంగుళాల గోడ ఉన్నాయి. ఇనుము ఈ తరంగాలను తిప్పికొడుతుంది. తడి, నీరు వాటిని తాగేస్తాయి. మేడ మీద నీళ్ల ట్యాంకు చాటున కెమెరా పెట్టి సిగ్నల్ రావడం లేదని వాపోయే ఇళ్లు నేను చాలా చూశాను. గేటు దగ్గర ఫోను పెట్టి కొలిస్తే మైనస్ 82 డీబీఎం (ఇది సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ) చూపింది, అంటే కెమెరా చెవికి గుసగుస కూడా సరిగా అందడం లేదు. రౌటర్‌ను హాల్లోకి తెచ్చి, గేటు వైపు కిటికీ పక్కన నడుమెత్తు బల్ల మీద పెట్టాము. కొలత మైనస్ 61కి వచ్చింది. అయితే సౌండ్‌బార్‌కు ఆనించి పెట్టలేదు, మధ్యలో రెండు గజాల పైనే దూరం ఉంచాము. దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, గొడవపడే రెండు పెట్టెలను విడదీయడంలో ప్రతి గజమూ లాభమే. ఆ మర్నాడు పాలు వచ్చాయి, పేపరు వచ్చింది, కీర్తన సాగుతూనే ఉంది. స్కూలు ఆటోల వేళ మాత్రం ఒకటి రెండుసార్లు తడబడింది. ఆ మిగిలిన తడబాటు ఎలా పోయిందో చివరలో చెబుతాను.

దీనికి పూర్తిగా తిరగబడిన కేసు ఒకటి మన పటమటలో చూశాను. అక్కడ పాటకు ఏ లోటూ లేదు, కెమెరాయే మూగబోతోంది. ఒకరోజు ఎవరో స్కూటరుకు గీత పెట్టి వెళ్లారని రికార్డు వెతికితే, రాత్రి తొమ్మిది నుంచి పావు తక్కువ పన్నెండు వరకు ఏమీ లేదు. వెనక్కి వెళ్లి చూస్తే ప్రతి ఆదివారం రాత్రీ అదే ఖాళీ. హాల్లోని సెట్‌టాప్ బాక్సు బొమ్మను, శబ్దాన్ని పడకగది టీవీకి పంపే పాత వైర్‌లెస్ సెండర్ పెట్టె ఒకటి ఆ ఇంట్లో ఉంది. ఆదివారం రాత్రి సినిమాకు మాత్రమే దాన్ని వాడతారు. ఈ పాత అనలాగ్ పెట్టెలు వినవు, గెంతవు, ఆగవు. స్విచ్చి వేసింది మొదలు ఆపేవరకు ఒకే చోట ఏకధాటిగా ప్రసారం చేస్తాయి. వైఫై కెమెరా ముందు విని మాట్లాడే రకం కాబట్టి, గాలి ఖాళీ అవుతుందేమోనని దాదాపు మూడు గంటల సేపు ఎదురుచూస్తూ ఉండిపోయింది.

ఇలాంటి సెండర్లకు వెనుక భాగంలో సాధారణంగా 2414, 2432, 2450, 2468 మెగాహెర్ట్జ్ అనే నాలుగు స్థానాలకు చిన్న మీట ఉంటుంది. ఆ ఇంట్లో పెట్టె 2450 మీద, రౌటర్ 8వ ఛానల్ మీద ఉన్నాయి. వైఫై స్థానాలకు పెట్టిన వరుస అంకెలనే ఛానళ్లంటారు. 8వ ఛానల్ మధ్య బిందువు 2447, అంటే ఇద్దరూ ఒకే గుమ్మంలో నిలబడ్డారు. మీటను 2414కు జరిపి, రౌటర్‌ను 11వ ఛానల్‌లో స్థిరంగా పెట్టగానే ఆ రాత్రి సినిమా, రికార్డు రెండూ నడిచాయి. తరువాత నా మాట మన్నించి ఆ పెట్టెనే తీసేసి కేబుల్ లాగించారు. పాట తెగితే మనసు చివుక్కుమంటుంది, అంతే. కెమెరా ఆగితే మనం భద్రంగా ఉన్నామనుకున్న రాత్రికి సాక్ష్యం లేకుండా పోతుంది, పైగా ఆ సంగతి అవసరం పడేదాకా తెలియదు. అందుచేత వైఫై కెమెరా ఉన్న ప్రతి ఇంట్లోనూ దాని లోపల మెమరీ కార్డు తప్పనిసరిగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. గాలి మూసుకుపోయినా బొమ్మ కార్డులో నిలుస్తుంది. నెలకొకసారి ఏదో ఒక రాత్రి రికార్డును మొదటి నుంచి చివరి వరకు వేళ్లతో జరిపి చూడండి.

అపార్ట్‌మెంట్ల సంగతి ఇంతకంటే చిక్కు. ఇరవై ఫ్లాట్లుంటే ఇరవై రౌటర్లు. 2.4 గిగాహెర్ట్జ్‌లో, అంటే 2400 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యే మన చెరువులోనే, మనకు 13 ఛానళ్లు కనిపిస్తాయి కానీ ఒక్కొక్కదాని మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కొక్కదాని వెడల్పు 20. ఒకదాని మీద ఒకటి పడకుండా, మధ్యలో కాస్త ఎడంతో పక్కపక్కన పట్టేవి 1, 6, 11 అనే మూడే. పక్కింటివారు 1లో, 6లో ఉన్నారు కదా, మధ్యలో ఎవరూ లేరని కొందరు తెలివిగా 3నో 4నో ఎంచుకుంటారు. అది అందరికీ చేటు. ఒకే ఛానల్‌లో ఉన్న రెండు రౌటర్లు ఒకరి మాట ఒకరు గుర్తుపట్టి వంతులు వేసుకుంటాయి. సగం సగం కలిసిన ఛానళ్లలో ఎదుటివారి మాట మాటగా వినపడదు, రొదగా వినపడుతుంది. అలాగే రౌటర్ సెట్టింగులో వెడల్పు 40 అని ఉంటే 20కి తగ్గించండి. వెడల్పు పెంచుకున్నవారు ఉన్న మూడు దారుల్లో రెండింటిని ఆక్రమించినట్లే.

ఒక లెక్క చెబుతాను. 1, 6, 11 మూడూ నిండుగా నడుస్తున్న భవనంలో, బ్లూటూత్‌కున్న 79 మెట్లలో శుభ్రంగా మిగిలేవి సుమారు 16. అది తప్పనిసరిగా వాడవలసిన కనీస సంఖ్యే 20. అంటే ఎంత తెలివిగా గెంతినా కొన్నిసార్లు రద్దీలోనే కాలు పెట్టక తప్పదు. అందుకే ఇంటర్నెట్ వాడే టీవీని, ఫోన్లను, ల్యాప్‌టాప్‌ను, 5 గిగాహెర్ట్జ్ అనే మరో వైఫై పట్టీని అందుకోగలిగిన సౌండ్ సిస్టమ్‌ను అక్కడికి తరలించి, 2.4ను కెమెరాలకూ బ్లూటూత్‌కూ వదిలేయమని అడుగుతున్నాను. 5 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 2018 నుంచి చాలా చోటు తెరిచారు. అది గోడలను అంత బాగా దాటలేదని అందరూ దాన్ని లోపంగా చెబుతారు. అపార్ట్‌మెంటులో నాకు అదే గుణంగా కనిపిస్తుంది, ఎందుకంటే పక్క ఫ్లాటు రద్దీ మన హాల్లోకి అంతగా రాదు.

సిగ్నల్ అందడం లేదంటే వెంటనే రిపీటర్ పెట్టించే అలవాటు మన దగ్గర బాగా పాకింది. మామూలు రిపీటర్ విన్న ప్రతి మాటనూ అదే ఛానల్‌లో మళ్లీ చెబుతుంది. అంటే ఆ కెమెరా మాట గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. కాలమే తక్కువై బాధపడుతున్న ఇంట్లో అది మంట మీద కిరసనాయిలు పోయడమే. అనుమతి లేని బూస్టర్ల జోలికి అసలే పోవద్దు, అది చట్టవిరుద్ధం.

చిన్న చిన్నవి కొన్ని ఉన్నాయి. కెమెరా రికార్డులకని రౌటర్‌కు యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు తగిలించి పక్కనే పెడితే, ఆ వైరు, ఆ పెట్టె 2.4 గిగాహెర్ట్జ్‌లోనే రొద వెదజల్లుతాయి, కాస్త దూరం జరపండి. సిమ్ వేసి నడిపే 4జీ కెమెరాలు, రౌటర్లు మన దేశంలో 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ పట్టీని కూడా వాడతాయి, అది మన చెరువుకు ఆనుకున్న గట్టు. వాటినీ స్పీకరు పక్కన పెట్టకండి. ఈ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. గోడలకు తగిలి తిరిగివచ్చే తరంగాలు ఒకదాన్ని ఒకటి చంపుకునే చోట మీ స్పీకరు ఉంటే, దాన్ని జానెడు పక్కకు జరిపితే చాలు పరిస్థితి మారిపోవచ్చు. డబ్బు ఖర్చు లేని పని ఇది, ముందు ఇదే చేసి చూడండి.

రేడియోతో సంబంధమే లేని రెండు లోపాలను కూడా జనం దీని ఖాతాలోనే వేస్తారు. రాత్రి కాగానే కెమెరా ఆగి మళ్లీ మొదలవుతోందంటే గాలిని అనుమానించకండి. చీకట్లో చూడటానికి దాని చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతాయి. సన్నని పొడవాటి వైరు చివర 12 వోల్టులు కాస్తా తగ్గిపోయి కెమెరా పడిపోతుంది. వైరు మందం పెంచితే సరిపోతుంది.

రెండోది హమ్మింగ్. కెమెరాల బొమ్మలను రికార్డు చేసే డీవీఆర్ పెట్టెను టీవీకి, టీవీని హోమ్ థియేటర్‌కు కలిపిన ఇళ్లలో స్పీకర్లలోంచి "గుయ్" మని ఎడతెగని శబ్దం వస్తుంది. గేటు దగ్గరి కెమెరా ఒక ఎర్త్‌కు, హాల్లోని యాంప్లిఫయరు మరో ఎర్త్‌కు తగులుకుని, మధ్యనున్న కెమెరా కేబుల్ తొడుగు గుండా మన 50 హెర్ట్జ్ కరెంటు తాలూకు చిన్న ప్రవాహం తిరుగుతూ ఉండటమే దీనికి కారణం. డీవీఆర్ వెనుక కెమెరా కేబుళ్లను ఒక్కొక్కటే ఊడదీస్తూ వెళ్లండి, ఏది తీసినప్పుడు శబ్దం ఆగితే దోషం అక్కడుంది. ఆ కేబుల్‌కు గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న ముక్క తగిలిస్తే సరి. చేతులు జోడించి ఒక్కమాట చెబుతున్నాను, యాంప్లిఫయరు ప్లగ్గుకున్న మూడో పిన్నును మాత్రం విరగ్గొట్టకండి. అలా చేస్తే శబ్దం ఆగుతుందని కొందరు సలహా ఇస్తారు, నిజంగానే ఆగుతుంది. కానీ లోపల ఎప్పుడైనా కరెంటు లీకైతే ఆ ఇనుప పెట్టె మీద చేయి వేసిన పిల్లవాడికి రక్షణ ఉండదు. పాటలో కొంచెం గుయ్ మన్నా ఫరవాలేదు.

ఇక బ్రాడీపేటలో మిగిలిన తడబాటు. గేటు స్తంభం కదలదు, దానికి బిగించిన కెమెరా కదలదు. కదలని వస్తువుకు గాలిలో చోటు ఎందుకు ఇవ్వాలి? ఫోను చేతిలో తిరుగుతుంది, స్పీకరు ఈ రోజు హాల్లో, రేపు మేడ మీద ఉంటుంది, గాలి వాటికి కావాలి. ఆ ఇంటి కెమెరాను తీసి, ఒకే కేబుల్‌లో కరెంటు, బొమ్మ రెండూ వెళ్లే పీవోఈ రకం కెమెరా పెట్టించాము. 2003లో వచ్చిన ప్రమాణం ప్రకారం అలాంటి కేబుల్ 100 మీటర్ల దాకా సాగుతుంది, పంపే వైపు నుంచి 15.4 వాట్లు ఇవ్వగలదు, ఒక కెమెరాకు అది ధారాళం. కేబుల్ కొనేటప్పుడు లోపలి తీగ పూర్తి రాగిదేనా, అల్యూమినియం మీద రాగి పూత వేసిందా అని అడిగి, చివర గీకి చూసి మరీ తీసుకోండి. ఇంటి లోపల వాడే తెల్లటి రకం కేబుల్‌ను బయట వేస్తే మన మే నెల ఎండలకు తొడుగు పెళుసెక్కి విడిపోతుంది, బయటికి నల్ల తొడుగుదే వేయాలి. కేబుల్ వేసిన మర్నాటి నుంచి స్కూలు ఆటోల వేళ కూడా పెద్దమ్మగారి పాట ఆగలేదు.

వెనుక వరుసలోని అమ్మగారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ముగిస్తాను. అద్దె ఇల్లు, యజమాని గోడకు మేకు కూడా కొట్టనివ్వరు, కేబుల్ వేయలేము, ఏం చేయాలన్నది మీ ప్రశ్న. అమ్మా, మీ కెమెరా యాప్‌లో మూడు మార్పులు చేయండి. వీడియో రకం హెచ్.264 అని ఉంటే హెచ్.265కు మార్చండి, అదే బొమ్మ దాదాపు సగం బరువుతో వెళుతుంది. సెకనుకు 25 ఫ్రేములు అని ఉన్నచోట 12 పెట్టండి, గేటులోకి వచ్చిన మనిషి ముఖం గుర్తుపట్టడానికి అది చాలు. కదలికను పసిగట్టే హద్దును వీధి మొత్తం మీద కాకుండా, వేలితో గీసి మీ గేటు లోపలి వరకే పరిమితం చేయండి. వీధిలో ఆటో వెళితే మీ కెమెరా మాట్లాడనక్కరలేదు, మీ గేటు తెరుచుకున్నప్పుడు మాట్లాడితే చాలు.